పింగాణీ గిన్నెను తిరగేస్తే

అమెరికాలోని కనెక్టికట్‌లో ఒకరు, ఇంటి ముందు పెట్టి అమ్ముతున్న పాత సామాన్లలో ఒక చిన్న నీలి పువ్వుల గిన్నెను 35 డాలర్లకు కొన్నారు. 2021 మార్చిలో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో అది 7,21,800 డాలర్లు పలికింది. చైనా మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్లే కాలం నాటిది, అంటే 15వ శతాబ్దం తొలినాళ్లది. ఆ కాలపు నీలి పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయడం చాలా అరుదు. నిపుణులు దాని ఆకారం, నునుపు, నీలం చూసే గుర్తుపట్టారు.

మనం మాత్రం పాత పింగాణీ చేతికి రాగానే తిరగేసి అక్షరాలు వెతుకుతాం. నన్నడిగితే అన్నిటికన్నా చివర నమ్మాల్సింది ఆ అక్షరాలనే. 1677లో చైనా పింగాణీకి పేరుమోసిన జింగ్‌డెజెన్‌లో, పాత్రల మీద చక్రవర్తి పేరు రాయొద్దని స్థానిక అధికారి ఆంక్ష పెట్టాడు. అక్కడి పనివాళ్లు అడుగున రెండు ఖాళీ వలయాలు గీసి వదిలేశారు, లేదా రెండొందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు రాశారు. పాత పనితనం మీద గౌరవంతో అలా రాయడం అక్కడ మామూలే. మోసం కోసం రాసేవాళ్లూ ఉన్నారు.

అసలు సాక్ష్యం నీలంలో ఉంది. ఆ రంగు కోబాల్ట్ ఖనిజానిది. 15వ శతాబ్దం తొలి దశలో పశ్చిమాసియా నుంచి తెచ్చిన కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువ, మాంగనీస్ తక్కువ. చైనాలో దొరికేదానిలో మాంగనీస్ ఎక్కువ. కుంచె ఆగిన చోట రంగు చిక్కగా పేరుకుంటే, కొలిమి వేడికి అక్కడి ఇనుము గ్లేజును, అంటే పైనున్న గాజులాంటి పూతను, చీల్చుకుని పైకొచ్చి నల్లటి మచ్చయ్యేది. వేలితో తడిమితే ఆ చోటు కాస్త గుంటగా తగులుతుంది. ఆ మచ్చలంటే తర్వాతి కాలంలో ఎంత మోజంటే, 18వ శతాబ్దపు చిత్రకారులు వాటిని కుంచెతో చుక్కలు చుక్కలుగా పెట్టేవారు. భూతద్దం పెడితే ఆ చుక్కల వరస తెలిసిపోతుంది. ఇప్పుడు ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో గిన్నెకు గీత పడకుండానే ఇనుము, మాంగనీస్ పాళ్లు చూస్తున్నారు. శుద్ధి చేసిన నేటి కోబాల్ట్ అయితే ఆ పాళ్లలోనే దొరికిపోతుంది.

థర్మోల్యూమినిసెన్స్ అని మరో పరీక్ష ఉంది. కాల్చినప్పుడు మట్టిలోని స్ఫటికాల్లో దాగిన శక్తి ఖాళీ అవుతుంది, ఆపైన సహజ రేడియేషన్ వల్ల ఏటేటా మళ్లీ పోగవుతుంది. చిన్న ముక్క తీసి వేడిచేస్తే వచ్చే వెలుగును బట్టి వయసు కడతారు. దీనికీ విరుగుడు కనిపెట్టారు: నిజమైన పాత గిన్నె అడుగును కొత్త గిన్నెకు అతికిస్తారు. నమూనా అడుగు నుంచే తీస్తే ఫలితం పాతదనే వస్తుంది. అందుకే అతుకుల కోసం ఎక్స్-రే, రిపేర్ల కోసం అల్ట్రావయొలెట్ దీపం కూడా వాడతారు.

అసలుదని తేలినంత మాత్రాన రేటు తేలదు. 2014లో చెంగ్‌హువా కాలపు కోళ్ల బొమ్మల కప్పు ఒకటి హాంకాంగ్‌లో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. అరచేతిలో ఇమిడే ఆ కప్పులు లోకంలో ఇరవై దాకా మిగిలాయంతే. అవే కోళ్లతో 18వ శతాబ్దంలో చేసినవీ నిజమైన పాత వస్తువులే, కానీ వాటికి ఆ ధరలో చిన్న వంతే వస్తుంది. సన్నని పగులు ఉంటే ఇంకా పడిపోతుంది. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పాత రసీదులు, వేలం పుస్తకాలు చెబితే పెరుగుతుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ ఉంది. ముట్టుకోనివ్వరు. అయినా ఆ నీలాన్ని దగ్గరగా, నిదానంగా చూడటానికి టికెట్ డబ్బులు చాలు.