మర్చిపొమ్మంటే మరపు రాదు

బాధలో ఉన్నవాళ్లకు మనం ఇచ్చే మొదటి సలహా "అయిందేదో అయింది, ఇక మర్చిపో". చెప్పేవాళ్ల మనసు మంచిదే, కానీ ఆ పని చేయబోతే ఎదురుతిరుగుతుంది.

1987లో అమెరికన్ మానసిక శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టి, అయిదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలచుకోవద్దన్నారు. తలపుకొస్తే గంట కొట్టాలి. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత "ఇప్పుడు దాన్నే తలచుకోండి" అంటే, మొదటే ఆ అనుమతి దొరికినవాళ్లకన్నా ఇలా అణచుకున్నవాళ్లకే అది ఎక్కువసార్లు తలపుకొచ్చింది. ఒక ఆలోచన రాకూడదంటే, అది వస్తోందా అని మనసు చూసుకుంటూ ఉండాలి. అలా చూసుకోవడంలోనే అది మళ్లీ గుర్తొస్తుంది.

పైకి తెలియకుండా దిగమింగడం ఇంకో అలవాటు. "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అంటూ మన ఇళ్లలో చిన్నప్పటి నుంచే నేర్పిస్తాం. మానసిక శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ ప్రయోగాల్లో, మనసును కలచివేసే దృశ్యాలు చూస్తూ ముఖంలో ఏమీ కనబడనివ్వనివాళ్లకు లోపలి అయిష్టం తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి సూచికలు కొన్ని పెరిగాయి. ఈ నేర్పుడు ఇకనైనా మానాలి.

అలాగని అదే పనిగా తవ్వుకుంటూ కూర్చోవడమూ మంచిది కాదు. 1989 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే మానసిక శాస్త్రవేత్త సూజన్ నోలెన్ హోక్సెమా స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మనఃస్థితిని, దిగులుగా ఉన్నప్పుడు వాళ్లేం చేస్తారో నమోదు చేసి ఉన్నారు. బాధనే పదేపదే నెమరేసుకునే అలవాటున్నవాళ్లలో, కొన్ని వారాల తర్వాత కూడా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

మరి ఏం చేయాలి? జ్ఞాపకం వస్తే రానిచ్చి, దాన్ని చూసే చోటు మార్చుకోవాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పద్ధతి ఇదే. ఒక కొడుకు సంగతి చూద్దాం. అర్ధరాత్రి నాన్న ఫోన్ చేశారు, ఇతను ఎత్తలేదు. పొద్దున లేచేసరికి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, నాన్న లేరు. ఆ స్క్రీన్ గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే మాట: "ఎత్తి ఉంటే బతికేవాడేమో." ఇప్పుడు అదే రాత్రిని కాస్త దూరం నుంచి, వేరే మనిషిని చూస్తున్నట్టు చూడమనండి. సెకండ్ షిఫ్ట్ ముగించుకుని ఒకతను ఇంటికొచ్చాడు. రోజూలాగే ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాడు. ఆ రాత్రి ఏం జరగబోతోందో అతనికి తెలిసే దారి లేదు. నాన్న పోయిన బాధ పోదు, పోవాలనీ లేదు. "నేనే చంపుకున్నాను" అన్న నేరభావం మాత్రం పట్టు సడలిస్తుంది. ఇది మనల్ని మనం మోసం చేసుకోవడం కాదు. నిజానికి మొదటి కథలోనే ఒక అబద్ధం ఉంది.

ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ తమ పరిశోధనల్లో చూసింది ఇదే: దూరంగా నిలబడి "నాకెందుకు ఇలా అనిపించింది" అని తమను తామే ప్రశ్నించుకున్నవాళ్లు తక్కువ కలత చెందారు. మనసులో "నేను" అనుకునే బదులు సొంత పేరు పెట్టి మాట్లాడుకున్నా ఉపయోగం కనిపించింది. "రవీ, అప్పుడు నీకేం తెలుసని?" అన్నట్టుగా. ఇలా అర్థం మార్చుకుని చూసేటప్పుడు మెదడు ముందుభాగం చురుకవుతుందనీ, భయానికీ ఆందోళనకూ స్పందించే అమిగ్డలా నెమ్మదిస్తుందనీ స్కానింగుల్లో కనిపించింది.

అయితే గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇదంతా చేతకాదు. అప్పుడు ఏదో పనిలో పడటం, పిల్లలతో కాసేపు గడపడం పిరికితనం కాదు. కాస్త తేరుకున్నాక రాయడం మొదలుపెట్టవచ్చు. 1986లో జేమ్స్ పెన్నిబేకర్ విద్యార్థులతో రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించారు. తమను బాగా బాధపెట్టిన ఘటనలో జరిగిందీ, దానికి తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్లు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు, కానీ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. తర్వాతి అధ్యయనాల్లో ఈ ఫలితం అందరిలో ఒకేలా రాలేదు, సగటున చిన్నదే. అయినా పెన్నూ కాగితం ఖర్చుతో పోయేది కాబట్టి ప్రయత్నించి చూడమనే నేనంటాను.

పీడకలలు వారాల తరబడి వదలకపోయినా, ఆ ఘటన కళ్లముందే జరుగుతున్నట్టు ఉన్నా, చచ్చిపోవాలనిపించినా సొంత వైద్యం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.