ఇమ్రాన్ తాహిర్ ఏ దేశపోడు?

చిన్నోళ్లారా,

క్రికెట్‌లో లెగ్‌స్పిన్ (మణికట్టు తిప్పి బంతిని మెలికలు తిప్పే బౌలింగ్) వేసే ఇమ్రాన్ తాహిర్ గురించి, "పాకిస్తాన్‌లో పుట్టినోడు దక్షిణాఫ్రికాకు ఎట్లా ఆడినాడు తాతా, అది దొంగాట కాదా?" అని అడిగినారు.

అనంతపురంలో ఉండి ఈ మాట అడుగుతారా? నార్పల దావలో చీనీ (బత్తాయి) తోటలు చూసినారు కదా. నర్సరీలో రంగపూర్ నిమ్మ మొక్క పెంచి, నేలకు జానెడు ఎత్తున బెరడు చీల్చి, చీనీ కొమ్మ నుంచి తీసిన కన్ను, అంటే మొలకెత్తే మొగ్గ, అందులో దూర్చి ప్లాస్టిక్ పట్టీ చుడతారు. మూడు నాలుగు వారాలకు కన్ను పచ్చగా ఉంటే పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. పట్టినాక పైనున్న నిమ్మ తల కోసేస్తారు. వేరు నిమ్మది, కాయ చీనీది. కింద నుంచి నిమ్మ పిలకలు లేస్తే ఎప్పటికప్పుడు గిల్లేయాల, లేదంటే అవే చెట్టయి కూచుంటాయి.

తాహిర్ ఆ కన్ను లాంటోడు. 1979లో లాహోర్‌లో పుట్టినాడు. పదహారేళ్లకే ఇల్లు చూసుకోను దుకాణాల మాల్‌లో సరుకు అమ్మినాడు. పాకిస్తాన్ అండర్-19కు, ఎ జట్టుకు (పెద్ద జట్టు కింద ఉండే రెండో జట్టు) ఆడినాడు కానీ పెద్ద జట్టులో చోటు దొరకలేదు. దక్షిణాఫ్రికా అమ్మాయిని పెళ్లి చేసుకుని అక్కడే కాపురం పెట్టినాడు.

కాపురం పెట్టగానే దేశం జట్టు టోపీ ఇయ్యరు. ఇప్పటి ఐసీసీ నియమం ప్రకారం ఆ దేశంలో పుట్టి ఉండాల, లేదా పౌరసత్వం ఉండాల, లేదా వరసగా మూడేళ్లు అదే సొంత ఊరుగా బతికి ఉండాల. 2010 జనవరిలో ఇంగ్లండ్ మీద టెస్టుకు తాహిర్ పేరు జట్టులో వేసినారు. తీరా చూస్తే అర్హతే రాలేదు, పేరు తీసేసినారు. కన్ను పట్టకముందే పట్టీ విప్పినట్టు. 2011 ఫిబ్రవరిలో, ముప్పై రెండేళ్లకు రోంత ముందు, ఢిల్లీలో ప్రపంచకప్ మ్యాచ్‌తో మొదలుపెట్టినాడు. వెస్టిండీస్ మీద 41 పరుగులకు 4 వికెట్లు.

దక్షిణాఫ్రికా నేల ఫాస్ట్ బౌలర్లది. లెగ్‌స్పిన్ లాహోర్ సరుకు, పాకిస్తాన్ లెగ్‌స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్ ఊరు అది. మా చిన్నప్పుడు రేడియోలో మన లెగ్‌స్పిన్నర్ చంద్రశేఖర్ పేరు వినపడితే చాలు, వీధిలో అందరం చెయ్యి మెలితిప్పేటోళ్లమే.

ఆ మెలిక ఏందో చెబుతా. చూపుడు, నడిమి వేళ్లు బంతి కుట్టుకు అడ్డంగా పెట్టండి. ఉంగరం వేలు మడిచి కుట్టుకు ఆనించండి, తిప్పేది అదే. కుడిచేత్తో వేసేటప్పుడు మణికట్టు కుడి నుంచి ఎడమకు తిరిగితే లెగ్‌బ్రేక్. ఇంకా ఎక్కువ తిరిగి చేతి వెనకభాగం బ్యాట్స్‌మన్ వైపు కనపడితే గూగ్లీ. బంతి తొందరగా వదిలితే ఫుల్‌టాస్, ఆలస్యమైతే సగం పిచ్‌లో పడుతుంది. రెండూ ఫోర్లే.

తాహిర్‌కూ ఆ గతి పట్టింది. 2012 అడిలైడ్ టెస్టులో 37 ఓవర్లు, 260 పరుగులు, ఒక్క వికెట్ లేదు. అంతటితో దక్షిణాఫ్రికా అతన్ని పెరికి పారేయలేదు, నాకు నచ్చింది అదే. 2016లో సెయింట్ కిట్స్‌లో వెస్టిండీస్ మీద 45 పరుగులకు 7 వికెట్లు తీసినాడు. వన్డేల్లో ఆ దేశం నుంచి ఏడు తీసిన మొదటోడు అతనే. మొత్తం 107 వన్డేలు, 173 వికెట్లు. టెస్టుల్లో మాత్రం 20 మ్యాచ్‌లకు 57, అది అంత గొప్పేం కాదు.

పల్లెల్లో పేదోళ్లకు సాయం చేసే ఆర్డీటీ సంస్థ పెట్టిన మన ఫెర్రర్ సారు స్పెయిన్‌లో పుట్టి, 1969లో అనంతపురానికి వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసినారు. ఆయన్ని పరాయోడు అనేవాళ్లు ఇక్కడ ఎవురున్నారు? దొంగాట అనే మాట నోటికి వచ్చేముందు అది తలుచుకోండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. 2019 ప్రపంచకప్ మొదటి మ్యాచ్, ఓవల్‌లో ఇంగ్లండ్ మీద ఆడినది, దాని వీడియో పెట్టుకోండి. మొదటి ఓవరే తాహిర్ చేతికిచ్చినారు, అప్పటికి నలభై ఏళ్లోడు. రెండో బంతికి బెయిర్‌స్టో బ్యాట్ అంచు తగిలి కీపర్ చేతుల్లో పడింది. వికెట్ పడినాక చేతులు చాపి పరిగెత్తేది అందరూ చూస్తారు. మీరు దానికి ముందు మణికట్టు చూడండి. లెగ్‌బ్రేకా, గూగ్లీనా తేల్చి నాకు రాయండి.

మీ తాత