గండి పూడ్చే ప్లాటినం తీగ

"మా మేనత్తకు మెదడులో నరం చిట్లితే తొడ దగ్గర నుంచి తీగ పంపి బాగు చేశారు. తల తెరవకుండా ఎలా పూడ్చారండీ?" అని అమలాపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు. చిట్లింది ధమని, కానీ మనం అన్నిటినీ నరమనే అంటాం, పోనివ్వండి. ఆ "పూడ్చారు" అన్న మాట మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఏటిగట్టు పక్కన పెరిగినవాళ్లకే తోచే మాట.

ధమని రెండు పాయలుగా చీలేచోట, రక్తం ఒరుసుకుని ఒరుసుకుని గోడ బుడగలా ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజం. పగిలిందా, మెదడు చుట్టూ రక్తం చిమ్ముతుంది.

చిన్నప్పుడు మా కాలవ గట్టుకు గండి పడితే పూడ్చడం చూశాను. ఉరికే నీళ్లలో మట్టి పోస్తే పోసింది పోసినట్టే కొట్టుకుపోయింది. అప్పుడు దుంగలు పాతి, వాటి మధ్య కొబ్బరి మట్టలు, కంప అడ్డం వేశారు. నీళ్లు సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి, జోరు మాత్రం తగ్గింది. జోరు తగ్గినచోట ఒండ్రు దిగుతుంది. మన కోనసీమంతా అలా దిగిన ఒండ్రే కదా!

ప్లాటినం కాయిల్, అంటే సన్నని తీగ చుట్ట, చేసేదీ అదే. తొడలోని ధమనిలోంచి మెడ మీదుగా, మిల్లీమీటరు కంటే సన్నని గొట్టాన్ని బుడగ దాకా నడిపిస్తారు. అందులోంచి వదిలిన మెత్తని తీగ లోపల చుట్టలు చుట్టుకుంటుంది. ఎన్ని తీగలు కూరినా, బుడగలో లోహం ఆక్రమించేది ఇంచుమించు నాలుగో వంతే. ఆ చుట్టల మధ్య చిక్కిన రక్తం నెమ్మదించి గడ్డకడుతుంది. బుడగను నిజంగా పూడ్చేది ఆ గడ్డే. కాయిల్ మన కొబ్బరి మట్ట.

మరి తీగను లోపల వదిలేదెలా? పదో తరగతిలో బట్టీ పట్టించే విద్యుద్విశ్లేషణతో! ఇటలీ వైద్యుడు గ్విడో గుగ్లియెల్మి ప్రయోగాల్లో ఒకసారి ఎలక్ట్రోడు, అంటే కరెంటు పంపే తీగ, కొస కరిగి ఊడిపోయింది. ఆయన దాన్నే ఉపాయంగా మలిచారు. ప్లాటినం చుట్టను స్టీలు తీగకు అతికించి, సుమారు ఒక మిల్లీ ఆంపియర్ కరెంటు పంపితే, రక్తమే ఎలక్ట్రోలైటుగా, అంటే కరెంటును మోసే ద్రవంగా, పనిచేసి అతుకు దగ్గర స్టీలు కరుగుతుంది. ప్లాటినం చెక్కుచెదరదు. 1990లో లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారి మనిషికి ఇలా చేశారు. ఈ కథ చెప్పి పాఠం మొదలుపెడితే ఏ పిల్లాడు మరిచిపోతాడు?

పుర్రె తెరిచి బుడగ మూతికి క్లిప్ పెట్టి బిగించడం పాత పద్ధతి. రెండింటికీ వీలున్న 2,143 మందిని పోల్చిన అధ్యయనం 2002లో వెలువడింది. ఏడాది తర్వాత మరణించినవాళ్లు, పరాధీనంగా మిగిలినవాళ్లు కలిపి క్లిప్ వర్గంలో 30.6 శాతం, కాయిల్ వర్గంలో 23.7 శాతం. అయితే మూతి వెడల్పైన బుడగలాంటి వాటికి ఇప్పటికీ క్లిప్పే నయం కావచ్చు.

ఒక్క సంగతి బతిమాలి చెబుతున్నాను. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి పిడుగులా వచ్చి, మెడ బిగుసుకుంటే గాలి సోకిందని దిష్టి తీస్తూ కూర్చోకండి. ఆస్పిరిన్ మింగించకండి, రక్తస్రావం పెరగొచ్చు. పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

మీ మేనత్తగారి సంగతికొస్తే, రక్తం తాకిడికి ఆ చుట్టలు నెలలు గడిచేకొద్దీ అణిగి, మూతి దగ్గర మళ్లీ ఖాళీ పడొచ్చు. పూడ్చిన గండిని మరుసటి వరదకు మనం తిరిగి చూసుకోమూ? మళ్లీ ఆంజియోగ్రామ్‌కు రమ్మనేది అందుకే. నొప్పి లేదు కదా అని ఆవిడ అన్నా సరే, తీసుకెళ్లండి.