పురికొస మీద పేచీ

కిరాణా కొట్లో పొట్లానికి చుట్టే పురికొస చూశారుగా, దాని నూలు మీదే ఢిల్లీకీ ఢాకాకీ ఎడతెగని గొడవ. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జనపనార సరుకు మీద 2017 జనవరిలో మనవాళ్లు యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా తెచ్చి కుమ్మరించకుండా అడ్డుపన్ను, వేశారు. 2025 జూన్‌లో అయితే బంగ్లాదేశ్ జనపనార నూలు లారీల్లో సరిహద్దు దాటకూడదు, ముంబై పక్కన నవా షేవా రేవుకే రావాలన్నారు. పొరుగింటి సరుకు ఊరంతా తిరిగి వీధి గుమ్మానికి వచ్చినట్టు!

అసలు ఈ నారని మిషన్ మీద మొదట వడికింది మనమూ కాదు, వాళ్లూ కాదు. 1830ల్లో స్కాట్లాండ్‌లోని డండీ మిల్లులు, తిమింగలం నూనె పట్టిస్తే ఈ మొరటు నార మెత్తబడి మిషన్‌కి లొంగుతుందని పట్టేశాయి. 1855లో కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో మిల్లు పడింది, ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కలకత్తా డండీని దాటేసింది.

తర్వాత దేశ విభజన. మిల్లులు దాదాపు అన్నీ ఇటు, పంటలో నాలుగింట మూడొంతులు అటు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ అయిన అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో. 1949లో భారత్ రూపాయి విలువ తగ్గించింది, పాకిస్తాన్ తగ్గించలేదు, దాంతో నార మనకి ఖరీదెక్కి, బేరం తెగక వ్యాపారమే స్తంభించింది. మనం పంట పెంచుకున్నాం, వాళ్లు మిల్లులు కట్టుకున్నారు. 1951లో ఢాకా దగ్గర నారాయణ్‌గంజ్‌లో మొదలైన ఆదమ్‌జీ మిల్లు ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్దది.

ప్లాస్టిక్ సంచి వచ్చాక దారులు పూర్తిగా వేరయ్యాయి. ధాన్యం గోనె సంచుల్లోనే నింపాలని మనకి 1987లో చట్టం వచ్చింది, అంటే మన మిల్లులకి సర్కారే ఖాయం బేరం. అక్కడ ఆదమ్‌జీ 2002లో మూతపడింది, మిగిలిన సర్కారీ మిల్లులు 2020లో ఆగిపోయాయి, కానీ ఒట్టి నూలే వడికే ప్రైవేటు మిల్లులు టర్కీ తివాచీల వాళ్లకి అమ్ముకుంటూ నిలబడ్డాయి. అందుకే ఇప్పుడు పంటలో మనం ముందు, ఎగుమతిలో వాళ్లు. వాళ్ల ప్రభుత్వం ఎగుమతికి నగదు ప్రోత్సాహం ఇస్తోందని మన మిల్లుల ఫిర్యాదు. అది నిజమే, కానీ ఇంట్లోనే కొనేవాడున్నాక బయట పోటీ పడాలన్న టెన్షన్ మనవాళ్లకి ఎప్పుడుంది గనక!

మన ఉత్తరాంధ్రలో పండేది జనపనార కాదు, గోగునార, అంటే గోంగూరకి దగ్గరి చుట్టం. నెల్లిమర్ల, ఏలూరుల్లో మిల్లులు పెట్టినా సాగు బాగా పడిపోయింది. కోసిన కట్టలు ఊరేయడానికి చెరువులో నీళ్లుండాలి, మోకాలి లోతులో నిలబడి ఆ కంపులో నార ఒలిచే మనుషులు దొరకాలి.