తళుకు చూసి కొనకండి: పాత కార్ల అపోహలు - వాస్తవాలు

పాత కారు కొనబోతూ ఎవరైనా నన్ను చూసి పెట్టమంటే నా సంచిలో ముందు పడేవి మూడు: టార్చి, గుడ్డ చుట్టిన అయస్కాంతం, మాసినా ఫరవాలేదనుకునే చొక్కా. కింద దూరి చూడకుండా బండి గురించి మాట్లాడటం నాకు చేతకాదు. కొనేవాళ్లేమో అప్పటికే బానెట్‌లో తమ ముఖం చూసుకుని మురిసిపోతుంటారు. పాత బళ్లు విప్పడం, బిగించడం, పరీక్షించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈలోగా జనం దేనికి డబ్బిస్తున్నారో పూర్తిగా మారిపోయింది. వినే మాటలు మాత్రం అవే.

అపోహ: తళతళలాడితే మంచి బండి

పుట్టీ, రంగు కలిస్తే ఎంత తుప్పునైనా కప్పేస్తాయి. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ బళ్లను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. తలుపు కింద గుమ్మంలా ఉండే పట్టీ, చక్రం పైన రేకు అంచు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట... ముందు ఇక్కడ అయస్కాంతం ఆనిస్తాను. ఉక్కు రేకైతే టక్కున పట్టుకుంటుంది. కింద పుట్టీ మందంగా ఉంటే జారిపోతుంది. (ఫైబర్ బాడీకి, అల్యూమినియానికి ఈ పరీక్ష పనికిరాదు. ఫైబర్ కారు మీద అయస్కాంతం పెట్టి ‘అయ్యో, మొత్తం పుట్టీయే’ అని హడలిపోయిన పెద్దమనిషిని చూశాను.) రంగు మందం కొలిచే మీటరుంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 200 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒకచోట 150 చూపించి జానెడు పక్కన 1,000 దాటిందంటే అక్కడ ఏం జరిగిందో అమ్మేవాళ్లను అడగాల్సిందే.

బాగా చేసిన కొత్త రంగుకైనా ఇప్పుడు మునుపటి విలువ లేదు. ఇందులో నా పాపమూ ఉంది. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన తన తండ్రి నడిపిన సెడాన్ తెచ్చాడు. డ్రైవరు తలుపు మీద, కిటికీ అంచున, మోచెయ్యి ఆన్చే చోట రంగు అరిగి ప్రైమర్ కనిపిస్తోంది. మిగతా బండంతా ఫ్యాక్టరీ రంగే. నేను మొత్తం గీకేసి, కొత్త కోట్లు కొట్టి, అద్దంలా చేసి ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఈరోజు అలాంటి బండి వస్తే కడిగి, వ్యాక్స్ పట్టించి పంపేస్తాను. ఎందుకంటే కారును ఎన్నిసార్లైనా కొత్తగా చేయొచ్చు, మొదటి రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది.

పెద్ద పోటీలు కూడా ఈ దారికే వచ్చాయి. కాలిఫోర్నియాలో 1950లో మొదలైన పెబుల్ బీచ్ ప్రదర్శనలో అగ్ర బహుమతి ఏళ్ల తరబడి అద్దంలా మెరిసే బళ్లదే. 2024లో మొదటిసారి, రీస్టోర్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడిన కారుకు ఆ బహుమతి దక్కింది. అది 1934 నాటి బుగాటి టైప్ 59, ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గర ఉన్న బండి.

అపోహ: నంబర్లు కలిశాయి కాబట్టి ఇంజన్ ఒరిజినలే

ఇంజన్ మీద గుద్దిన నంబరు, బండి కాగితాల్లోని నంబరు కలవడం ముఖ్యమే. ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజనే ఉంటే ధర బాగా పలుకుతుంది. అందుకే ఆ నంబర్లను కొత్తగా గుద్దేవాళ్లూ పుట్టుకొచ్చారు. నేను అంకెల కంటే ముందు అవి గుద్దిన చదును చూస్తాను. చాలా పాత అమెరికన్ ఇంజన్లలో ఆ చదును మీద ఫ్యాక్టరీ మిషను కోసిన సన్నటి గీతలు దువ్వెన పళ్లలా వరుసగా ఉంటాయి. గ్రైండరు పెట్టి పాత అంకెలు చెరిపితే ఆ గీతలూ పోతాయి. నున్నగా మెరిసే చదును మీద ముచ్చటైన అంకెలు కనిపిస్తే నాకు అనుమానం మొదలవుతుంది. అప్పుడు కాగితాలు అడుగుతాను: పాత సర్వీసు పుస్తకం, బిల్లులు, చేతులు మారిన వివరాలు. నూనె మరకలున్న బిల్లుల కట్ట ఒక్కోసారి కొత్త సీట్ల కంటే ఎక్కువ విలువ తెస్తుంది.

తిరిగిన దూరం చూపే మీటరు తక్కువ చూపించినా అంతే జాగ్రత్త. చాలా పాత కార్లలో మీటరుకు అయిదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా. బ్రేకు పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూడండి, అది వెనక్కి తిరగదు.

అపోహ: పాతదైతే చాలు, ధర పెరుగుతూనే ఉంటుంది

1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ పోయాక ఆయన పేరున్న కార్ల ధరలు ఆకాశాన్నంటాయి. 1990 తర్వాత అదే వేగంతో కూలాయి. అప్పు చేసి కొన్నవాళ్లు చాలామంది మునిగారు.

2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైనప్పటి నుంచి మరో గోల: ‘చూశారా, పాత కార్లకు ఎంత గిరాకీనో!’ ఆ మోడల్ కార్లు ప్రపంచంలో రెండే. వాటిని చూసి మన షెడ్డులోని సెడాన్‌కు లెక్క కట్టడం, రాజుగారి కిరీటం ధర చూసి ఇంట్లో ఇత్తడి చెంబుకు వెల కట్టినట్టే.

నిజానికి ధర నడిచేది మనుషుల వయసును బట్టి. పదిహేనేళ్లప్పుడు గోడకు ఏ కారు బొమ్మ అంటించుకున్నారో, చేతిలో డబ్బు ఆడే వయసుకు ఆ కారే కొంటారు. 1930ల నాటి మామూలు సెడాన్లను ప్రేమించిన తరం తగ్గిపోతోంది, ఆ బళ్లకు గిరాకీ కూడా. 80లు, 90ల నాటి జపాన్ కార్లు ఎక్కివచ్చాయి. దీనికి చట్టాలూ తోడవుతాయి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన విదేశీ కారును అక్కడి భద్రతా ప్రమాణాలకు లోబడకపోయినా దిగుమతి చేసుకోవచ్చు. అందుకే 1999లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ కోసం అక్కడివాళ్లు 2024 ఎప్పుడొస్తుందా అని వేళ్లు లెక్కపెట్టుకున్నారు.

అరుదైనదల్లా ఖరీదైనది అనేది కూడా ఈ కోవలోదే. ఎవరూ కోరుకోని బండి ఒక్కటే మిగిలినా దాన్ని కొనేవాళ్లుండరు. పైగా ముందు అద్దం పగిలితే కొత్తది దొరకదు. లక్షల్లో తయారైన తొలి తరం ఫోర్డ్ మస్టాంగ్‌కైతే బాడీ రేకు దగ్గర నుంచి బోల్టు దాకా ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది అలాంటివే.

అపోహ: ఆన్‌లైన్ వేలంలో రెండొందల ఫొటోలున్నాయి, వెళ్లి చూడక్కర్లేదు

ఆన్‌లైన్ వేలం వచ్చాక మేలు జరిగిందనే అంటాను. ధరలు అందరికీ తెలుస్తున్నాయి. ఆ మోడల్‌ను అరచేతిలా ఎరిగిన అపరిచితులు ‘ఈ స్క్రూ ఆ ఏడాదిది కాదే’ అని పట్టేస్తున్నారు. కానీ ఫొటోకు వాసన ఉండదు. నిలవ పెట్రోలు వార్నిష్ కంపు కొడుతుంది. కార్పెట్ కింద నీరు చేరితే తడి గోనెసంచి వాసన వస్తుంది. తలుపు తెరిచిన క్షణంలోనే ఈ రెండూ తెలిసిపోతాయి.

అపోహ: నడపకుండా దాస్తే పదిలంగా ఉంటుంది

నా షెడ్డుకు వచ్చే రిపేర్లలో ఎక్కువ భాగం ఈ దాపరికం పుణ్యమే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్‌లు మూసుకుపోతాయి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. వాటిని ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చుకోవడం చవకైన బీమా.

‘వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచుతున్నాను’ అంటారు. అది ఇంకా చేటు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ తేమలో కొంత ఆయిల్లో, చాలా భాగం సైలెన్సర్లో నిలిచిపోతుంది. తీస్తే రోడ్డెక్కించి అరగంటైనా నడపండి, లేదంటే తాళం జోలికి వెళ్లకండి.

బయల్దేరే ముందు టైరు పక్కభాగం మీద డీఓటీ (DOT) అక్షరాల వరుస చివర ఉన్న అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. మూడంకెలే ఉంటే అది 2000కు ముందు టైరు. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా సరే, దాని మీద బండిని షెడ్డు గుమ్మం దాటనివ్వను.