నైటీకి జరిమానా: గడప దాటిన పడక బట్టల పాత కథ

2018 నవంబరులో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలంలోని తోకలపల్లి దేశమంతా పత్రికలకెక్కింది. ఆడవాళ్లు ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా నైటీతో బయట తిరగకూడదని ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టారు. తిరిగితే 2,000 రూపాయల జరిమానా, చూసి చెప్పినవాళ్లకు 1,000 రూపాయల బహుమానం. అంతకు నాలుగేళ్ల ముందు, 2014లో, నవీ ముంబై దగ్గరి గోఠివలీలో ఇలాంటి నిషేధమే పెట్టారు. అక్కడ జరిమానా 500.

చదివి నవ్వుకున్నవాళ్లున్నారు, మండిపడ్డవాళ్లున్నారు. అయితే పడక బట్ట గడప దాటడం, దాన్ని చూసి ఎవరో ఒకరికి కోపం రావడం, ఆ కోపం జరిమానాగా మారడం పాత సంగతే. కబురు చెప్పినవాడికి డబ్బిచ్చే పద్ధతి కూడా కొత్తది కాదు. అందులో ఒక పాత ముచ్చట గోదావరి, కృష్ణా తీరాల నుంచే బయల్దేరింది.

రాత్రికంటూ వేరే బట్ట ఉండటమే యూరప్‌లో చాలాకాలం పెద్దింటి సంగతి. మధ్యయుగపు చేతిరాత పుస్తకాల్లోని బొమ్మల్లో పడుకున్నవాళ్లు ఒంటిమీద నూలుపోగు లేకుండా, తలకు మాత్రం టోపీతో కనిపిస్తారు. మిగతావాళ్లు పగలు లోపల తొడిగిన నార చొక్కాతోనే పడుకునేవారు. మగవాడిదైతే షర్ట్, ఆడమనిషిదైతే స్మాక్ లేదా షిఫ్ట్. పడుకోవడానికని విడిగా పొడుగు చొక్కా కుట్టించుకోవడం 16వ శతాబ్దంలో ధనవంతుల ఇళ్లలో మొదలైంది.

ఆ చొక్కా కుట్టు తెలుసుకోదగినది. అవిసె నారతో నేసిన గుడ్డ ఖరీదైనది కాబట్టి కత్తిరింపుల్లో పీలిక కూడా వృథా పోకూడదు. అందుకే వంపు కత్తిరింపులు ఉండవు, అన్నీ చదరాలూ దీర్ఘచతురస్రాలే. ముందూ వెనకా కలిపి ఒకే పొడుగు ముక్క, భుజాల దగ్గర మడత. మెడకు ఒక అడ్డకోత, గుండె మీదికి ఒక నిలువు చీలిక. చేతులు రెండు తిన్నని ముక్కలు. ఇలా కుట్టి వదిలేస్తే చెయ్యి పైకెత్తగానే చంక కింద కుట్టు చిరుగుతుంది, తిన్నని చేతికి సాగే చోటు లేదు గనక. ఆ బిగువు పట్టకుండా చంకలో ఒక చదరపు ముక్కను మూలగా అతికేవారు. ఆడవాళ్ల షిఫ్టుకు అడుగున ఘేరు కావాలి కాబట్టి పైన సన్నగా తీసిన త్రికోణపు ముక్కలను తలకిందులుగా తిప్పి పక్కల్లో కలీలుగా వేసేవారు.

దీన్ని నారతోనే కుట్టడానికి కారణం ఉంది. వేడినీళ్లు ఒంటి రంధ్రాలను తెరుస్తాయని, వాటిలోంచి రోగం దూరుతుందని 16, 17 శతాబ్దాల యూరప్ వైద్యులు భయపెట్టారు. ఫలితంగా స్నానం తగ్గి, చొక్కా మార్చడమే శుభ్రతగా చెల్లింది. నార చెమటనూ జిడ్డునూ పీల్చుకుంటుంది, మన చాకళ్ల ఉబ్బలాంటి బూడిద నీళ్ల ఉతుకునూ తట్టుకుంటుంది. ఉన్ని ఆ ఉడుకుకు ముడుచుకుపోతుంది. పట్టు పాడవుతుంది.

పడక సంగతికొస్తే, మంచపు చట్రానికి చిల్లులు పొడిచి అడ్డంగా నిలువుగా తాళ్లు లాగేవారు. మన నులక మంచంలాగే అదీ కొన్నాళ్లకు కుంగి కుక్కి మంచం అయ్యేది. బిగించడానికి కొయ్యతో చేసిన తిప్పుడు కర్ర ఒకటి ఇంట్లో ఉండేది. దానితో తాడు మెలిపెట్టి, వదులు పోకుండా చిల్లులో మేకు దిగ్గొట్టి, పక్క చిల్లుకు వెళ్లేవారు. తాళ్ల మీద గడ్డి పరుపు, దానిపై ఉన్ని పరుపు, అన్నిటికన్నా పైన ఈకల పరుపు. ఈకల పరుపును రోజూ కుదిపి తిరగేయకపోతే ఈకలు ఒక మూలకు పోగై ఉండలు కడతాయి, నడుము కింద తాడు తగులుతుంది. పేదలకు గడ్డి పరుపే గతి. దిండు బాలింతకే తప్ప మగవాడికి నామోషీ అనుకున్న రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తేనని 1577లో ఒక ఇంగ్లిష్ చర్చి గురువు రాశాడు. చెక్క మంచపు సందుల్లో నల్లులు అక్కడా ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఇనప మంచం అంతగా అమ్ముడుపోవడానికి అవీ ఒక కారణం.

రాత్రి పొయ్యిని ఆర్పేవారు కాదు, నిప్పును నివురు కప్పి ఉంచేవారు. దాని మీద బోర్లించే లోహపు మూతకు ఫ్రెంచిలో ‘కువ్ర్-ఫ’ అని పేరు. నిప్పు కప్పే వేళ అయిందని మోగించిన గంటకు అదే పేరు వచ్చి, ఇంగ్లిష్‌లో కర్ఫ్యూ అయి కూర్చుంది. నిప్పు కప్పాక గది చల్లబడుతుంది. అందుకే నైట్‌క్యాప్, మంచం చుట్టూ తెరలు, పడుకునే ముందు దుప్పట్ల మధ్య తిప్పే ఇత్తడి నిప్పుల పెనం. పొడుగు కర్ర పిడి ఉన్న ఆ పెనంలో పొగ పూర్తిగా పోయిన కణికలే వేయాలి. సగం కాలిన కట్టె వేస్తే పక్కంతా పొగ వాసన. చెయ్యి ఆపకుండా తిప్పాలి, ఒకచోట నిలిపితే దుప్పటి మాడి గోధుమరంగు మచ్చ పడుతుంది. ఇక మగవాళ్లకు టోపీ అవసరం 1660ల తర్వాత మరీ పెరిగింది. విగ్గు పెట్టుకోవడానికి తల గీయించుకుంటున్నారు మరి.

రాత్రి గాలే విషమన్న భయం కూడా ఉండేది. 1776 సెప్టెంబరులో అమెరికా నాయకులు జాన్ ఆడమ్స్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ బ్రిటిష్ సేనానితో మాట్లాడటానికి వెళ్తూ న్యూబ్రన్స్‌విక్ సత్రంలో ఒకే పక్క మీద పడుకోవలసి వచ్చింది. ఆడమ్స్ కిటికీ మూశాడు. తెరవమన్నాడు ఫ్రాంక్లిన్. జలుబు చల్లగాలి వల్ల రాదని ఆయన చెబుతున్న సిద్ధాంతం వింటూనే ఆడమ్స్ నిద్రలోకి జారుకున్నాడు. ముక్కూమొహం తెలియని ప్రయాణికులు సైతం సత్రాల్లో పక్క పంచుకోవడం ఆ రోజుల్లో మామూలే. రాత్రి నిద్ర రెండు విడతలుగా ఉండేదని, నడుమ ఓ గంట లేచి ఉండేవారని చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ పాత రాతల నుంచి వందల ఉదాహరణలు చూపించాడు. ఎంతమంది అలా పడుకునేవారన్నది మాత్రం ఇంకా వాదంలోనే ఉంది.

ఇక అసలు తిరకాసు నైట్‌గౌను అనే పేరులో ఉంది. 16 నుంచి 18వ శతాబ్దం దాకా నైట్‌గౌను పడుకునే బట్ట కాదు. లేచాక, లేదా పగటి బిగుతు బట్టలు విప్పాక, చొక్కా మీద వేసుకునే వదులు అంగీ. 1532లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, తాను పెళ్లాడబోయే ఆన్ బొలీన్‌కు కుట్టించిన నల్ల శాటిన్ నైట్‌గౌను అలాంటిదే. అది వేసుకుని అతిథులను కలవవచ్చు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ అయితే రాత్రి చొక్కా విప్పి పగటి చొక్కా తొడుక్కోవడమే కొలువు తంతుగా మార్చాడు. ఆ చొక్కా అందించడం రాజకుమారులకు దక్కే గౌరవం.

17వ శతాబ్దంలో ఈ అంగీ రూపు మారింది. జపాన్ సైనిక పాలకుడైన షోగున్ నుంచి డచ్చి వర్తకులకు కానుకగా వచ్చే కిమోనోలు హాలండులో మోజైపోయాయి. అవి చాలక అదే తీరు కత్తిరింపును భారతదేశపు గుడ్డతో కుట్టించారు. లండన్‌లో డైరీ రాతకు పేరుపడ్డ శామ్యూల్ పెపిస్ 1661 జులైలో 34 షిల్లింగులు పెట్టి ‘ఇండియన్ గౌను’ కొన్నాడు. అదే రోజు కొన్న సొరుగుల బీరువా 33 షిల్లింగులే. 1666లో తన బొమ్మ గీయించుకోవడానికి ఇండియన్ గౌనునే అద్దెకు తెచ్చాడు కూడా. ఈ అంగీకి గుజరాతీ ‘వాణియో’, అంటే కోమటి, అన్న మాట మీదుగా బనియన్ అని పేరు పడింది. మనం చొక్కా లోపల తొడిగే బనియనూ ఈ మాటే. పైన వేసుకునేది లోపలికి దిగింది.

ఆ అంగీలకు వాడిన గుడ్డల్లో మేలైనది కోరమాండల్ తీరపు కలంకారీ. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిష్‌వాళ్లు 1611లో మచిలీపట్నంలో దుకాణం పెట్టింది ముఖ్యంగా గుడ్డ కోసమే. దాన్ని తయారుచేయడం వారాల పని. గుడ్డను పేడ నీళ్లలో నానబెట్టి ఎండలో చలువ చేసి, కరక్కాయ కషాయంలో గేదె పాలు కలిపి ముంచాలి. పాలలోని కొవ్వు లేకపోతే కలం పెట్టిన గీత పోగుల వెంట పాకిపోతుంది. నల్లగీతకు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరవేసిన రసం. ఎరుపుకు ముందు పటిక రాసి, ఆపైన చిరివేరులో ఉడికించాలి. పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది కాబట్టి అదనపు పటికను పారే నీటిలో కడిగేయాలి, లేకపోతే తెల్లగా ఉండాల్సిన నేలంతా (బొమ్మల వెనక గుడ్డంతా) గులాబీ మరకలే. ఇక నీలిమందు తొట్టిలో ముంచే ముందు, నీలం అక్కర్లేని చోటంతా మైనం కప్పాలి. అన్నిటికన్నా చివర పసుపు రంగు. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. ఆ పసుపు నిలిచేది కాదు. అందుకే ఇవాళ మ్యూజియాల్లోని పాత అంగీల మీద ఆకులు నీలంగా కనిపిస్తాయి.

పక్క మీద పరిచే కలంకారీ దుప్పటికి పలంగ్‌పోష్ అనేవారు, ఇంగ్లిష్‌వాళ్ల నోట అది పాలంపోర్. 1643లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఇక్కడి తమ మనుషులకు ఎరుపు నేల దుప్పట్లు తమ దేశంలో అంతగా పోవడం లేదని, తెల్లనేల ఎక్కువ ఉంచి మధ్యలో పూలకొమ్మలు వేయించమని రాశారు. వాళ్లు కోరినట్టే వేయించారు. మోజు ఎంత పెరిగిందంటే అంగీలు, దుప్పట్లు, తెరలు, చివరికి పనిపిల్లల గౌనులు కూడా ఆ గుడ్డే.

అప్పుడే జరిమానాలు మొదలయ్యాయి. ఫ్రాన్స్ 1686లోనే అచ్చు, కలంకారీ గుడ్డలను నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్‌లో ఉన్ని, పట్టు నేతగాళ్ల బతుకుకు దెబ్బ తగిలింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో పూలగుడ్డ తొడిగిన ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు, సిరా చల్లారు, కొందరి మీద యాసిడ్ పోశారు. 1721లో పార్లమెంటు చట్టం చేసింది. 1722 డిసెంబరు 25 నుంచి రంగుల పూల నూలుగుడ్డ తొడుక్కుంటే 5 పౌండ్ల జరిమానా. ఆ సొమ్ము కబురు చెప్పినవాడికే. పూర్తి నీలం రంగుదీ మస్లినూ మినహాయింపు. తొడుక్కునే బట్ట మీద ఆంక్ష పోవడానికి 1774 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ బ్రిటన్‌లో నేసిన గుడ్డకే. తోకలపల్లి పెద్దలకు ఈ చట్టం సంగతి తెలిసే అవకాశం లేదు. బహుమానం ఆశ చూపి ఇరుగుపొరుగును నిఘా పెట్టడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేని విద్యలా ఉంది.

మగవాళ్ల రాత్రి చొక్కాను తోసేసినది మళ్లీ మన వైపు నుంచే వెళ్లింది. పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట: పారశీకంలో పాయ్‌జామా. ఇక్కడి తెల్లదొరలు దాన్ని పడకకు వాడుకున్నారు. కొందరి పైజామాలకు పాదాలు కూడా కలిపి కుట్టేవారు. ఎందుకని అడిగితే లండన్ దర్జీ ఒకడు ‘చెదపురుగుల కోసం అనుకుంటానండీ’ అన్నాడని 1886లో అచ్చైన ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో ఉంది. దోమల కోసమన్నది ఇంకాస్త నమ్మదగ్గ మాట. 1870ల తర్వాత బ్రిటన్‌లో పైజామా పాకింది. 1920లలో ఆడవాళ్లు దాన్నే సముద్రపొడ్డుకు తొడుక్కెళ్లారు. అది కూడా పడకగదిలో నిలవలేదన్నమాట.

ఆడవాళ్ల నైట్‌డ్రెస్సు 19వ శతాబ్దంలో మెడదాకా బొత్తాలు, మణికట్టుదాకా చేతులు, పాదాలదాకా అంచు ఉన్న తెల్ల బట్ట. లోదుస్తులకూ రాత్రి బట్టలకూ వాడిన నూలుగుడ్డల్లో రెండింటి పేర్లు లాంగ్‌క్లాత్, మడపొలం. మొదటిది కోరమాండల్ తీరంలో ముప్పై ఏడు గజాల దాకా పొడుగుతో నేసిన తాను. రెండోది నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ కంపెనీకి అక్కడ గుడ్డల దుకాణం ఉండేది. తర్వాత ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు ఆ పేరుతోనే గుడ్డ నేసి తిరిగి ఇక్కడే అమ్మాయి.

మిల్లు గుడ్డతో ఒక కొత్త ప్రమాదం వచ్చింది. ఫ్లానెలెట్ అంటే ఉన్నిలా మెత్తగా ఉండేలా పైన నూగు లేపిన చవక నూలుగుడ్డ. ఆ నూగులో గాలి నిండి ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే మంట క్షణాల్లో పైకి పాకుతుంది. వదులు అంచుతో పొయ్యి దగ్గరికెళ్లిన పిల్లలు ఎందరో కాలిపోయారు. మాంచెస్టర్ రసాయనవేత్త విలియం పెర్కిన్ (ఊదారంగు కనిపెట్టిన పెర్కిన్ కొడుకు) 1900ల తొలి ఏళ్లలో దీనికి మందు కనిపెట్టాడు: గుడ్డను సోడియం స్టానేట్‌లో ముంచి ఆరబెట్టి, అమ్మోనియం సల్ఫేట్‌లోంచి తీస్తే పోగులోనే తగరపు ఆక్సైడ్ దిగబడి ఉతికినా పోదు. మామూలు గుడ్డనే మంటంటనిదని అమ్మేవాళ్లు కూడా బయల్దేరడంతో 1913లో బ్రిటన్ దానిమీద చట్టం చేసింది. అమెరికా 1971లో పిల్లల రాత్రి బట్టలకు పరీక్ష పెట్టింది: 3 సెకన్లు మంట చూపిస్తే అయిదు ముక్కల సగటు కాలుడు 7 అంగుళాలు దాటకూడదు.

మన ఇళ్లలో పడకకు వేరే బట్ట అనేది ఆడవాళ్లకు ఉండేది కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీర కట్టుకునే పడుకునేవారు. అది చిరిగితే బొంతలోకి పోయేది. మగవాళ్లకు లుంగీయో పాత పంచెయో. అలాంటి ఇళ్లలోకి నైటీ వచ్చింది. కుచ్చిళ్లు లేవు, లోలంగా బిగింపు లేదు, బాలింతకు ముందు జిప్పు, గంజీ ఇస్త్రీ అక్కర్లేదు. మూడు మీటర్ల గుడ్డతో అయిపోతుంది. ఈ సుఖం తెలిశాక పొద్దున ముగ్గు వేయడానికీ, పాలు పట్టుకోవడానికీ, పిల్లల్ని బడి బస్సెక్కించడానికీ ఎవరు మార్చుకుంటారు? పైన ఒక తువ్వాలో చున్నీయో వేస్తే చాలు, పాత ఇంగ్లిష్ నైట్‌గౌనులాగే ఇదీ పగటి బట్ట అయింది. ఈ బట్ట గురించి ఊరి పెద్దలు పట్టించుకోవాల్సినది నిజంగా ఏదైనా ఉంటే అది గ్యాస్ పొయ్యి ముందు వేలాడే ఆ చున్నీ కొంగు. సింథటిక్ అయితే అంటుకుని కరిగి ఒంటికి పట్టుకుంటుంది. పల్చటి నూలైతే భగ్గున మండుతుంది. వంట చేస్తున్నంతసేపైనా దాన్ని తీసి పక్కన పెట్టాలి, లేదా నడుముకు బిగించి దోపుకోవాలి.