క్రైస్తవ యూనివర్సిటీలో ఫిజిక్స్ డిగ్రీ: నాలుగేళ్లు ఐదేళ్లు ఎందుకవుతున్నాయి?

టెక్సాస్‌లోని ఒక క్రైస్తవ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతూ, అండర్‌గ్రాడ్ (డిగ్రీ) పిల్లలకు ఏ కోర్సు ఎప్పుడు చేయాలో చెప్పే అడ్వైజింగ్ కూడా చూస్తుంటాను. ఆగస్టు వచ్చిందంటే ఫ్రిస్కో నుంచి, ప్లేనో నుంచి, గుంటూరు నుంచి, హనుమకొండ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఎవరో సీనియర్ యథాలాపంగా అన్న మాట నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగేసరికి రూలైపోతుంది. పాపం, దాన్ని నమ్మి పిల్లలు రిజిస్ట్రేషన్ చేసేస్తున్నారు.

అపోహ: "ముందు బైబిల్, ఇంగ్లిష్, హిస్టరీ కానిచ్చేస్తే సరి. ఫిజిక్స్, మ్యాథ్స్ తర్వాత చూసుకోవచ్చు."

ఎక్కువ డబ్బూ, ఎక్కువ కాలమూ తినేసేది ఈ మాటే. మిగతావన్నీ కలిపినా దీనంత నష్టం చేయవు.

డిగ్రీకి 120 క్రెడిట్లు (వీటినే గంటలనీ అంటారు), కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. క్రెడిట్లు కూడితే డిగ్రీ వచ్చేస్తుందనుకుంటారు. ఫిజిక్స్‌లో కూడికతో పని జరగదు, వరస కుదరాలి. కాల్క్యులస్ 1 లేకుండా ఫిజిక్స్ 1 మొదలుకాదు. చాలాచోట్ల ఫిజిక్స్ 2, కాల్క్యులస్ 3 దాటితేగానీ మోడర్న్ ఫిజిక్స్‌కూ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లకూ దారి దొరకదు. అవి అయ్యాక క్లాసికల్ మెకానిక్స్, ఆపైన ఎలక్ట్రోమాగ్నెటిజం, క్వాంటమ్. బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్) అయితే ఈ చివరి రెండూ చాలాచోట్ల రెండేసి సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లోనే కాల్క్యులస్ పట్టుకున్నవాడికి ఈ వరస నాలుగేళ్లలో సరిగ్గా సరిపోతుంది, అంతకుమించి ఖాళీ ఉండదు.

పైగా మాలాంటి చిన్న డిపార్ట్‌మెంట్లలో పై కోర్సులు ఏడాదికోసారే నడుస్తాయి, కొన్ని రెండేళ్లకోసారి. ఈ ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) ఆప్టిక్స్ చేజారితే వచ్చే ఫాల్‌లోనూ ఉండకపోవచ్చు.

హనుమకొండ నుంచి ఒక తండ్రి స్పీకర్‌లో ఉన్నారు, కొడుకు నా ఎదురుగా కూర్చున్నాడు. "సార్, మావాడికి 62 క్రెడిట్లయ్యాయి, సగం దాటేశాడు. ఇంకో రెండేళ్లే కదండీ?" ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచాను. రెండు రిలిజియన్ కోర్సులు, రెండు ఇంగ్లిష్‌లు, అమెరికన్ హిస్టరీ, స్పీచ్, సైకాలజీ, ఆర్ట్ అప్రిసియేషన్, ఇలాంటివే ఇంకొన్ని. అన్నింట్లో ఏ గ్రేడే. మ్యాథ్స్‌లో మాత్రం ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్ 1, అక్కడితో సరి. ఫిజిక్స్ రెండు సెమిస్టర్లు చేశాడు గానీ అది మెడిసిన్‌కు వెళ్లాలనుకునే ప్రీమెడ్ పిల్లల ఆల్జీబ్రా ఫిజిక్స్, మా మేజర్‌కు (ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా చేసే డిగ్రీకి) పనికిరాదు. ఉత్త ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) మిగిలింది. కోర్సు పేరులో ఫిజిక్స్ ఉంటే చాలదు, కాల్క్యులస్ ఆధారంగా నడిచేదేనా అని వర్ణన చదివి చూసుకోవాలి.

మిగిలిన కోర్సుల్ని సెమిస్టర్ల వారీగా కాగితం మీద రాసి చూపించాను. ఎంత సర్దినా ఇంకా మూడేళ్లు. "అంటే ఇంకో ఏడాది ఫీజా అండీ?" అన్నారాయన. కుర్రాడు తలెత్తలేదు. వాడు బద్ధకించింది లేదు, ఎగ్గొట్టిందీ లేదు. పెద్దవాళ్లు చెప్పిందే విన్నాడు. ఇలాంటప్పుడే ఆ వాట్సాప్ సలహాల మీద నాకు మండుకొస్తుంది.

ఇందులోనే ఇంకో చిక్కుంది. ఎఫ్-1 వీసా మీదున్న అండర్‌గ్రాడ్ విద్యార్థి ఫాల్‌లోనూ స్ప్రింగ్‌లోనూ కనీసం 12 క్రెడిట్లు చేయాలి. పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి మించి ఆ లెక్కలోకి రాదు. చివరి సెమిస్టర్‌లో మిగిలినవి తక్కువైతే మాత్రం ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతితో తగ్గించుకోవచ్చు. మన కుర్రాడు మూడో ఏడాది ఫాల్‌లో చేయగలిగినవి కాల్క్యులస్, ఫిజిక్స్ 1, అంటే 8 క్రెడిట్లు. మిగతా నాలుగు ఎక్కణ్ణుంచి తేవాలి? బైబిల్, ఇంగ్లిష్, హిస్టరీ లాంటి, ఏ మేజర్ వాళ్లైనా చేయాల్సిన కోర్ సబ్జెక్టులన్నీ ముందే కానిచ్చేశాడు. ఇప్పుడు డిగ్రీకి అక్కర్లేని కోర్సులకు డబ్బు కట్టి గంటలు నింపుకోవాలి.

కాబట్టి బైబిల్, హిస్టరీ, ఫైన్ ఆర్ట్స్ కోర్సుల్ని ఎనిమిది సెమిస్టర్లకూ పంచుకోండి. ఎలక్ట్రోమాగ్నెటిజం, క్వాంటమ్, అడ్వాన్స్‌డ్ ల్యాబ్ ఒకేసారి మీద పడ్డ సెమిస్టర్‌లో పక్కన ఒక కోర్ కోర్సు ఉంటే ఊపిరాడుతుంది. అలాగని రిలిజియన్ క్లాసు తేలికని కాదు, పేపర్లు రాయిస్తారు. కాకపోతే అది వాడుకునే బుర్ర వేరు.

ఆ అబ్బాయి వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో కాల్క్యులస్ 2 చేశాడు, అది మా దగ్గర చెల్లుతుందని ముందుగా రాతపూర్వకంగా తీసుకున్నాకే. బీఎస్ నుంచి బీఏకు మారాడు. తొమ్మిదో సెమిస్టర్‌లో బయటపడతాడు.

అపోహ: "బీఏ ఫిజిక్సా? బీఏ అంటే ఆర్ట్స్ కదా, ఉద్యోగానికి పనికిరాదు."

మన దగ్గరి బీఏ వేరు, ఇక్కడి బీఏ వేరు. ఇక్కడ బీఏలో ఫిజిక్స్, మ్యాథ్స్ గంటలు కొన్ని తగ్గుతాయి, చాలాచోట్ల విదేశీ భాష పెరుగుతుంది. చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేయడానికిచ్చే అనుమతి ఓపీటీ, సైన్స్, టెక్నాలజీ సబ్జెక్టులవాళ్లకు దాని పొడిగింపు స్టెమ్ ఓపీటీ. దానికి చూసేది ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీది సబ్జెక్టు కోడ్‌ను, బీఏనా బీఎస్సా అన్నది కాదు. ఫిజిక్స్ ఆ జాబితాలో ఉంది. 12 నెలల ఓపీటీ, దాని మీద 24 నెలల పొడిగింపు అడగవచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం బీఎస్ చేయండి, లేదా బీఏలోనే క్వాంటమ్ 2, ఎలక్ట్రోమాగ్నెటిజం 2 అదనంగా తీసుకోండి.

అపోహ: "ఏపీలు బోలెడున్నాయి, మూడేళ్లలో అయిపోతుంది."

ఏపీలంటే అమెరికా హైస్కూల్లోనే చేసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు, పరీక్షలు. వాటిలో ఏవి ఉన్నాయన్నదే లెక్క. ఏపీ ఫిజిక్స్ 1, 2 ఆల్జీబ్రావి. మేజర్‌కు కావలసింది కాల్క్యులస్‌తో నడిచే ఏపీ ఫిజిక్స్ సీ. ఏపీ సైకాలజీ, ఏపీ హిస్టరీ వరసను ఒక్క మెట్టు కూడా ముందుకు జరపవు. ఏపీ కాల్క్యులస్ బీసీలో మంచి స్కోరుంటే జరుపుతుంది. ఇండియా నుంచి ఎంపీసీ చేసి వచ్చినవాళ్లకు కాల్క్యులస్ బాగానే వస్తుంది, అయినా ఇంటర్ మెమో చూపించగానే క్రెడిట్ ఇచ్చేయరు. ఏ స్థాయి మ్యాథ్స్‌తో మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉందేమో కనుక్కుని, సెలవుల్లో మరిచిపోకముందే రాసేయండి.

అపోహ: "మతం మార్చేస్తారు."

ఈ ప్రశ్న అడిగే తల్లుల భయం నాకు అర్థమవుతుంది, పదిహేడేళ్ల పిల్లను అంత దూరం పంపుతున్నారు. సమాధానం యూనివర్సిటీని బట్టి ఉంటుంది. వేకోలోని బేలర్‌లో రెండు రిలిజియన్ కోర్సులు, రెండు సెమిస్టర్ల చాపెల్ (ప్రార్థనా సమావేశాలు) ఉంటాయి. ఏ మతం వాళ్లనైనా చేర్చుకుంటారు. ఫోర్ట్ వర్త్‌లోని టెక్సాస్ క్రిస్టియన్‌లో మతసంప్రదాయాల మీద ఒక మూడు క్రెడిట్ల కోర్సు చాలు. కాలిఫోర్నియాలోని బయోలా అలా కాదు, అక్కడ అండర్‌గ్రాడ్‌కు అప్లై చేసేవాళ్లు క్రైస్తవ విశ్వాసులై ఉండాలి. అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఇది చదువుకోండి. మా రిలిజియన్ క్లాసుల్లో గ్రేడు ఇచ్చేది పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా చదివారో చూసి, నమ్మారా లేదా అని కాదు.

అపోహ: "అక్కడ అసలు సైన్స్ చెప్పరు, బిగ్ బ్యాంగ్ ఒప్పుకోరు."

విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసి, బిగ్ బ్యాంగ్ ఆలోచనకు పునాది వేసిన జార్జ్ లెమైట్ర్ కాథలిక్ పురోహితుడు, లూవెన్ కాథలిక్ యూనివర్సిటీ ప్రొఫెసర్. మా టెక్సాస్‌లోనే అబిలీన్ క్రిస్టియన్ యూనివర్సిటీకి మోల్టెన్ సాల్ట్ (కరిగిన లవణంతో నడిచే) రీసెర్చ్ అణు రియాక్టర్ కట్టుకోవడానికి 2024 సెప్టెంబరులో అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ అనుమతిచ్చింది. బేలర్ వాళ్లు జెనీవా దగ్గరి అణుకణ పరిశోధన కేంద్రం సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో ఉన్నారు.

ఇంకొన్ని, త్వరగా.

డీ గ్రేడు వచ్చినా పాసే కదా అంటారు. కోర్ కోర్సులో కావచ్చు, మేజర్‌లో తర్వాతి కోర్సుకు ముందు పాసవ్వాల్సిన ప్రీరిక్విజిట్‌కు చాలాచోట్ల సీ ఉండాలి. సీనియర్ డిగ్రీ ప్లాన్ కాపీ కొట్టొద్దు, మీకు వర్తించేది మీరు చేరిన ఏడాది కేటలాగ్ (యూనివర్సిటీ కోర్సుల, నిబంధనల పుస్తకం). పై స్థాయి కోర్సులు ఇన్ని గంటలని విడిగా ఒక నిబంధన ఉంటుంది, ఏవి అయ్యాయో ఏవి మిగిలాయో చూపే డిగ్రీ ఆడిట్‌లో దాని గడి వేరే చూసుకోండి. చాపెల్‌కు క్రెడిట్లు సున్నా కాబట్టి లెక్కలోకి రాదనుకుంటారు. తప్పనిసరి ఉన్నచోట అది పూర్తికాకపోతే డిగ్రీ ఇవ్వరు, ఎనిమిదో సెమిస్టర్‌లో క్వాంటమ్ ల్యాబ్ టైముకే చాపెల్ పడితే సర్దడం మా వల్ల కూడా కాదు. మొదటి ఏడాదిలోనే కానిచ్చేయండి.